నడిసంద్రంలో మొహమాటం వద్దు

సొంత పడవలో దేశాలు తిరగాలన్న కోరిక మనవాళ్ళలో ఇప్పుడిప్పుడే మొలుస్తోంది. సిడ్నీలోనో సియాటిల్‌లోనో ఉద్యోగం చేసుకుంటూ సెలవు రోజుల్లో తెరచాప పడవ నడపడం నేర్చుకునేవాళ్ళు, పిల్లలు స్థిరపడ్డాక ఏడాదో రెండేళ్ళో సముద్రం మీద గడపాలనుకునే దంపతులు అక్కడక్కడా కనిపిస్తున్నారు. వాళ్ళందరి మొదటి భయం తుపాను. నన్నడిగితే ఆ భయాన్ని కాస్త వెనక్కి నెట్టొచ్చు. రుతువు చూసుకుని, వాతావరణ సూచన చూసుకుని బయల్దేరేవాళ్ళకి పెద్ద తుపాను ఎదురవడం అరుదు. ఎదురుకాక తప్పనివి వేరే రెండున్నాయి. పడవలో ఏదో ఒకటి పాడవుతుంది. పడవలో ఎవరో ఒకరికి ఒంట్లో బాగోదు.

ఉప్పునీరు, ఎండ, క్షణం ఆగని ఊపు. వీటి మధ్య ఏ బోల్టూ, ఏ వైరూ, ఏ మోకూ పదికాలాలు మన్నదు. అందుకే ఈ జీవితంలో ఉన్నవాళ్ళ మధ్య ఒక మాట చాలాకాలంగా తిరుగుతోంది: అందమైన రేవుల్లో పడవ బాగుచేసుకుంటూ తిరగడాన్నే సముద్ర విహారం అంటారని. నవ్వుతూ అనే మాటే, కానీ అక్షరాలా నిజం. దీన్ని ముందే ఒప్పుకుని బయల్దేరినవాళ్ళు, పంపు ఆగిన రోజున యాత్ర పాడైపోయిందని కుంగిపోరు. ఆ రోజు పని పంపుది అనుకుంటారు.

పాడైన వస్తువు, పాడైన ఒళ్ళు ప్రాణం మీదికి ఎప్పుడు తెస్తాయో గమనించండి. చిన్నగా ఉన్నప్పుడు ఎవరికీ చెప్పనప్పుడే. "ఇంత చిన్నదానికి కోస్ట్‌గార్డుని కదిలిస్తామా", "తెల్లారేదాకా చూద్దాం", "రాత్రిపూట డాక్టరుకి ఫోనేంటి, బాగుండదు". ఇది మన మొహమాటం. ఇంట్లో దీనివల్ల పెద్దగా పోయేదేమీ లేదు. తీరం కనిపించని చోట ఇదే అసలు ప్రమాదం. సాయం ఎంత దూరంలో ఉంటే అంత ముందుగా నోరు తెరవాలి. ఈ అధ్యాయంలో నేను చెప్పబోయేదంతా ఈ ఒక్క మాట చుట్టూనే తిరుగుతుంది.

ముందు ఇంజను సంగతి. అది ఆగిపోవడానికి కారణం చాలాసార్లు ఇంజనులో ఉండదు. దానికి అందే డీజిల్‌లోనో, దాన్ని చల్లబరిచే నీళ్ళలోనో ఉంటుంది. ట్యాంకులో తేమ చేరితే నీరూ డీజిలూ కలిసే చోట సూక్ష్మజీవులు పెరిగి నల్లటి జిగురు తయారవుతుంది. పడవ రేవులో కదలకుండా ఉన్నంతకాలం అది మజ్జిగ కింద మడ్డిలాగా అడుగునే ఉంటుంది. అలల్లోకి వెళ్ళగానే పైకి కలిసొచ్చి ఫిల్టరుని మూసేస్తుంది. అంటే ఇంజను మనకి ఎక్కువ అవసరమయ్యే చోట, రేవు ముఖద్వారంలో పక్కన రాళ్ళు పెట్టుకుని, అక్కడే ఆగుతుంది. ఫిల్టర్లు ఒకటీ అరా కాదు, అరడజను పెట్టుకోండి. మార్చాక గొట్టంలో చిక్కుకున్న గాలి తీయాలి. ఆ గాలి ఏ స్క్రూ వదులు చేస్తే పోతుందో మీ ఇంజను మీదే నేర్చుకుని, ఆ స్క్రూకి ఎర్ర రంగు పూసి పెట్టుకోండి.

రెండోది ఇంపెల్లర్. గుప్పిట్లో పట్టే రబ్బరు చక్రం, చుట్టూ రెక్కలు. సముద్రపు నీటిని లోపలికి లాగి ఇంజనుకి పంపే పంపులో తిరుగుతుంది. నీళ్ళు అందకుండా తిరిగితే నిమిషాల్లో కాలిపోయి రెక్కలు తెగుతాయి. అందుకే ఇంజను స్టార్ట్ చేయగానే వెనక్కి వంగి, ఎగ్జాస్ట్ గొట్టంలోంచి నీళ్ళు పడుతున్నాయో లేదో చూడటం ప్రతిసారీ చేయాల్సిన పని. ఇక మార్చేటప్పుడు: ముందు సముద్రపు నీరొచ్చే వాల్వు కట్టేయండి. పంపు కింద గుడ్డ పరవండి, ఎందుకంటే మూత స్క్రూలు బియ్యపు గింజకన్నా కాస్త పెద్దవి, పడవ అడుగున పడితే మళ్ళీ దొరకవు. పాత చక్రం బయటికి తీసి రెక్కలు లెక్కపెట్టండి. రెండు తక్కువైతే ఆ రెండూ మాయమవలేదు, నీటి దారిలో ముందుకెళ్ళి హీట్ ఎక్స్‌ఛేంజర్ నోటి దగ్గర అడ్డంగా కూర్చున్నాయి. వాటిని తీయకుండా కొత్తది బిగిస్తే ఇంజను మళ్ళీ వేడెక్కుతుంది, అప్పుడు కారణం కోసం రాత్రంతా వెతుకుతారు. చివరగా వాల్వు తెరవడం మరిచిపోవద్దు. ఇదంతా పుస్తకంలో చదివితే చాలదు. రేవులో ఉండగా, పడవలో ఉన్న ప్రతి ఒక్కరూ తమ చేతులతో ఒకసారి, కుదిరితే టార్చి వెలుతుర్లో చేసి చూడాలి.

ఇంత చెప్పాక ఒక హెచ్చరిక. ఇంజను ఆగిన క్షణంలో ఇంజను దగ్గరకి పరుగెత్తకండి. తెరచాప ఎత్తండి. లోతు తక్కువైతే లంగరు దించండి. పడవ ఎటు కొట్టుకుపోతోందో తేల్చుకున్నాకే పానా చేతిలోకి తీసుకోండి.

పడవ అడుగున నీళ్ళు కనిపిస్తే వేలు ముంచి నాలుక మీద పెట్టి చూడండి. ఉప్పగా లేకపోతే మీ తాగునీటి ట్యాంకు కారుతోంది, ప్రాణభయం లేదు. ఉప్పగా ఉంటే ఒక్కో వాల్వూ, ఒక్కో గొట్టమూ వరసగా చూడాలి. ప్రతి వాల్వు పక్కనా దానికి సరిపోయే మెత్తటి కొయ్య బిరడా తాడుతో కట్టి ఉండాలి. చవకైన వస్తువు, చాలా పడవల్ని మునక్కుండా కాపాడింది.

చేతనైనంత మరమ్మతు చేశాక, ముందనుకున్న దారి వదిలి దగ్గరున్న రేవుకి వెళ్ళడం ఇంకో విద్య. భారత నౌకాదళానికి చెందిన ఆరుగురు మహిళా అధికారులు 55 అడుగుల ఐఎన్‌ఎస్‌వీ తారిణి మీద 2017 సెప్టెంబరు 10న గోవా నుంచి ప్రపంచాన్ని చుట్టి రావడానికి బయల్దేరారు. వాళ్ళలో ఇద్దరు మనవాళ్ళు, విశాఖకి చెందిన స్వాతి, హైదరాబాద్‌కి చెందిన ఐశ్వర్య బొడ్డపాటి. ఫ్రీమాంటిల్, లిటిల్‌టన్, పోర్ట్ స్టాన్లీ, కేప్‌టౌన్, ఇవీ ముందనుకున్న మజిలీలు. కేప్‌టౌన్ దాటాక, ఇక ఇల్లే అనుకునే చివరి అంచెలో, స్టీరింగ్‌లో లోపం వచ్చింది. 2018 ఏప్రిల్‌లో వాళ్ళు పడవని మారిషస్‌లోని పోర్ట్ లూయీకి తిప్పారు, బాగుచేయించుకున్నారు, మే 21న గోవా చేరారు. అనుకోని ఆ మజిలీ వల్ల వాళ్ళ విజయం రవ్వంత కూడా తగ్గలేదు. గమ్యం దగ్గరపడినకొద్దీ ఇంకొంచెం లాగిద్దాం అనిపిస్తుంది చూశారూ, ఆ కోరికే ప్రమాదకరం. బయల్దేరకముందే చార్టు మీద ప్రతి అంచెకీ తప్పుకునే రేవు ఒకటి గుర్తు పెట్టుకోండి.

ఎవరైనా మీ పడవని లాగడానికి ముందుకొస్తే, తాడు అందుకోకముందే మాట్లాడుకోవాల్సింది ఒకటుంది. సముద్ర చట్టం ప్రకారం మనిషి ప్రాణం కాపాడినందుకు ఆ మనిషి దగ్గర డబ్బు అడగరు. కానీ పడవని కాపాడినందుకు, దాని విలువనిబట్టి ప్రతిఫలం అడిగే హక్కు ఉంటుంది. కాబట్టి ప్రాణాపాయం లేనప్పుడు "ఇది లాగే కూలి మాత్రమే, ఇంత మొత్తం" అని రేడియోలో స్పష్టంగా ఒప్పుకున్నాకే తాడు కట్టండి. ఆ మాట, ఆ సమయం లాగ్‌బుక్‌లో రాయండి.

పరాయి రేవులో మెకానిక్కుని వెతుక్కునేటప్పుడు, మెరిసే మెరీనా ఆఫీసుకన్నా ముందు చేపల రేవు వైపు నడవండి. అక్కడి పడవలు డీజిల్ ఇంజన్ల మీదే బతుకుతాయి. కొత్త భాగం వచ్చేదాకా ఆగే స్తోమత వాళ్ళకి లేదు కాబట్టి ఉన్నదాన్ని బతికించే విద్య వాళ్ళకి తెలుసు. విశాఖ ఫిషింగ్ హార్బర్‌లో సరంగులు ఇంజను శబ్దం విని జబ్బు చెప్పడం చూసినవాళ్ళకి దీని గురించి నేను వేరే చెప్పక్కర్లేదు. భాష రాకపోయినా పాత భాగం చేత్తో పట్టుకెళ్ళండి. ఇంజను నేమ్‌ప్లేట్ ఫొటో, మోడల్ నంబరు, సీరియల్ నంబరు ఫోన్‌లో ఉండాలి. డబ్బంతా ముందే ఇవ్వకండి. పని జరుగుతున్నంతసేపూ పక్కనే కూర్చోండి, టీ తెప్పించండి, చూసి నేర్చుకోండి. విదేశం నుంచి భాగం తెప్పించాల్సి వస్తే, పార్శిల్ మీద పడవ పేరుతోపాటు "యాట్ ఇన్ ట్రాన్సిట్" అని రాయించండి. చాలా దేశాల్లో దాటిపోయే పడవ కోసం వచ్చే భాగాలకి దిగుమతి సుంకం ఉండదు, అయితే దాని కాగితాలు ముందే అడిగి తెలుసుకోవాలి.

ఇప్పుడు ఒంటి సంగతి.

సముద్రం మీద మొదటి శత్రువు కడుపులో తిప్పుడు. దాన్ని తేలిగ్గా తీసుకునేవాళ్ళంటే నాకు భయం. రెండు రోజులు వాంతులైన మనిషి ఫిల్టరు మార్చలేడు, చార్టు చదవలేడు, ఒక్కోసారి బతకాలన్న పట్టుదల కూడా సడలుతుంది. ఇంజను పాడవడం, మనిషి పడకేయడం తరచూ ఒకే రాత్రి జరిగేది ఇందుకే, అదే అల రెండింటినీ కుదుపుతుంది. మాత్ర తిప్పుడు మొదలయ్యాక కాదు, బయల్దేరే ముందే వేసుకోవాలి. మన దగ్గర సులువుగా దొరికే స్టుజెరాన్‌ని చాలామంది నావికులు నమ్ముతారు, అది అమెరికాలో దొరకదు. ఏ మందైనా మొదటిసారి ఒడ్డున ఉండగానే వేసుకుని, ఎంత మత్తు వస్తుందో చూసుకోండి. వాంతులు పడితే లీటరు మంచినీళ్ళలో ఆరు చిన్న చెంచాల పంచదార, అర చెంచా ఉప్పు కలిపి గుటకగుటకగా తాగించండి. చెంచాలు కుప్పగా కాదు, అంచుకి సమంగా.

మనలో షుగరూ బీపీ ఎక్కువ కాబట్టి ఇంకో మాట. వాంతితోపాటు ఆ పూట మాత్ర కూడా బయటికి వచ్చేస్తుంది. తిండి లేకుండా ఇన్సులిన్ ఎంత తగ్గించాలో, ఏ మాత్ర ఆపాలో మీ డాక్టరుగారి దగ్గర ముందే కాగితం మీద రాయించుకోండి. వాడకంలో ఉన్న ఇన్సులిన్ సాధారణంగా నాలుగు వారాలు ఫ్రిజ్ బయట ఉండగలదు, కానీ 30 డిగ్రీలు దాటకూడదు. ఉష్ణమండలంలో మధ్యాహ్నం పడవ లోపలి వేడి దానికన్నా చాలా ఎక్కువ.

పడవలో తగిలే దెబ్బలు ఎక్కడైనా దాదాపు ఇవే. తెరచాప కింది అడ్డబొంగు తలకి తగలడం, లంగరు గొలుసులో వేళ్ళు పడటం, వంటింట్లో మరిగే నీళ్ళు ఒలకడం. కాలినచోట కనీసం 20 నిమిషాలు చల్లటి నీళ్ళు పోయాలి, మంచినీళ్ళు పొదుపు చేసే సమయం కాదది. పసుపు, టూత్‌పేస్టు, వెన్న రాయకండి. అలలున్నప్పుడు వంట చేసేవాళ్ళు మందపాటి రెయిన్‌కోటు ప్యాంటు వేసుకుంటే కాళ్ళు దక్కుతాయి. పగడపు దిబ్బ మీద గీసుకున్న చిన్న గీత కూడా అక్కడి ఉక్కలో రెండు రోజుల్లో చీము పడుతుంది, శుభ్రంగా రుద్ది కడిగి, మానేదాకా ఈత మానండి. ఇక పళ్ళు. బయల్దేరకముందే డెంటిస్టు దగ్గరకి వెళ్ళిరండి, దాని మీద ఇంతకన్నా చెప్పాల్సిందేమీ లేదు.

మందుల పెట్టెలో ప్రతిదాని మీదా అసలు మందు పేరు ఉండాలి. డోలో, క్రోసిన్ అంటే వేరే దేశంలో ఫార్మసిస్టుకి తెలియదు. పారాసిటమాల్‌ని కూడా అమెరికాలో ఎసిటమినోఫెన్ అంటారు. ట్రమడాల్, కోడీన్ లాంటి నొప్పి మందుల మీద చాలా దేశాల్లో కఠినమైన చట్టాలున్నాయి. ప్రిస్క్రిప్షన్, డాక్టరు ఉత్తరం పెట్టెలోనే ఉంచి, రేవులో దిగగానే కస్టమ్స్‌కి మీరే ముందుగా చూపించండి.

డాక్టరు లేని చోట డాక్టరు గొంతు దొరుకుతుంది, చాలామందికి తెలియని సంగతి ఇది. రోమ్‌లో 1935లో మొదలైన సీఐఆర్‌ఎమ్ అనే సంస్థ ఏ దేశపు ఓడకైనా ఉచితంగా వైద్య సలహా ఇస్తుంది. దాని మొదటి అధ్యక్షుడు రేడియోకి ఆద్యుడైన మార్కోని. ఫ్రాన్స్‌లో తులూజ్ నుంచి ఇలాంటి కేంద్రమే నడుస్తోంది. ఒక్క రూపాయి అడగని ఈ డాక్టర్ల దగ్గర కూడా మొహమాటపడి, ఆలస్యం చేసుకోవడం నాకు నిజంగా బాధ కలిగించే విషయం. పిలిచే ముందు కాగితం మీద రాసుకోండి: వయసు, బరువు, నాడి, జ్వరం, బీపీ, ఎప్పుడు మొదలైంది, నొప్పి ఎక్కడి నుంచి ఎక్కడికి జరిగింది, ఏ మందులు పడవు, ఇప్పటిదాకా ఏం వేసుకున్నారు, మీ పెట్టెలో ఏమున్నాయి, దగ్గరి రేవు ఎన్ని గంటల దూరం.

"ఇప్పటిదాకా ఏం వేసుకున్నారు" అన్నది ఎందుకు అంత ముఖ్యమో విక్టర్ యజికోవ్ అనుభవం చెబుతుంది. ఈ రష్యన్ నావికుడికి 1998లో ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే పందెంలో అట్లాంటిక్ మీద ఉండగా మోచేయి చీము పట్టి వాచింది. బోస్టన్‌లో ఉన్న డాక్టర్ డేనియల్ కార్లిన్ ఈమెయిల్లో ఒక్కో మెట్టూ రాసి పంపితే, తన చేతిని తానే కోసుకుని చీము తీశాడు. కానీ రక్తం ఆగలేదు. ముందు వేసుకున్న ఆస్పిరిన్ రక్తాన్ని గడ్డకట్టనివ్వలేదు. కట్టు బిగించి చివరికి బయటపడ్డాడు. సిగ్గుపడి దాచిన మద్యమైనా, ఏముందిలే అని వదిలేసిన మాత్రైనా, డాక్టరుకి చెప్పాల్సిందే.

రేడియోలో చానెల్ 16 మీద రెండు రకాల పిలుపులున్నాయి. ప్రాణం, పడవ ఇప్పుడే పోయేలా ఉంటే మేడే. అంత తీవ్రం కాని అత్యవసరానికి పాన్-పాన్. మొహమాటస్తుల కోసమే పెట్టినట్టుంటుంది ఈ రెండోది, దాన్ని ధారాళంగా వాడండి. జ్వరం తగ్గని మనిషి ఉన్నాడనీ, ఇంజను లేకుండా ఓడల దారిలో కొట్టుకుపోతున్నామనీ ముందే చెబితే, రక్షణ కేంద్రం మీ చోటు రాసుకుని గంటగంటకీ పలకరిస్తుంది. అది ఎవరినీ ఇబ్బంది పెట్టడం కాదు. ఉన్నట్టుండి వచ్చే మేడే కన్నా ముందే తెలిసిన పాన్-పాన్ వాళ్ళకీ సులువే. హెలికాప్టరు తీరం నుంచి రెండు మూడు వందల మైళ్ళకి మించి రావడం కష్టం, ఆ గీత దాటకముందే నిర్ణయం తీసుకునే వీలు వాళ్ళకి ఇవ్వాలి.

చివరి ఆధారం ఎపిర్బ్ అనే బీకన్. అది పంపే సంకేతం ఉపగ్రహం ద్వారా రక్షణ కేంద్రానికి చేరుతుంది. భారత్‌లో నమోదైనవాటి సంగతి బెంగళూరులోని ఇస్రో కేంద్రం చూస్తుంది. నమోదు చేసేటప్పుడు ఇచ్చిన ఫోన్ నంబరుకే మొదటి కాల్ వెళుతుంది. అక్కడ అన్నయ్య నంబరు రాసి వదిలేస్తే చాలదు. అర్ధరాత్రి గుర్తు తెలియని నంబరు నుంచి ఇంగ్లీషులో ఫోనొస్తే మోసగాళ్ళనుకుని పెట్టేయకూడదని ఆయనకి చెప్పాలి, మీ దారి, మీ జబ్బులు, పడవ రంగు అన్నీ ఆయన దగ్గర కాగితం మీద ఉండాలి.

ఆ బీకన్ ఎక్కడ పెట్టాలో భారత నావికుడు అభిలాష్ టామీ కథ నేర్పుతుంది. 2018 సెప్టెంబరు 21న, ఒంటరిగా ప్రపంచాన్ని చుట్టే గోల్డెన్ గ్లోబ్ పందెంలో ఉండగా, పెర్త్‌కి దాదాపు 1,900 నాటికల్ మైళ్ళ దూరంలో తుపానుకి ఆయన పడవ తురీయ తెరచాప స్తంభం విరిగింది, ఆయన వెన్ను దెబ్బతింది. బీకన్ మోగించి, చిన్న శాటిలైట్ పరికరంతో నడవలేననీ, స్ట్రెచర్ కావాలనీ సందేశం పంపాడు. మరో సందేశంలో, అత్యవసర సంచి అందుకోవడం కష్టంగా ఉందన్నాడు. సంచి ఉంది, సరంజామా ఉంది, కానీ చేయి అందలేదు. 24న ఫ్రెంచి గస్తీ ఓడ ఒసిరిస్ ఆయన్ని తీసుకుని ఆమ్‌స్టర్‌డామ్ దీవికి చేర్చింది. అక్కడి నుంచి ఐఎన్‌ఎస్ సత్పుర అక్టోబరు 6న మన విశాఖకి తెచ్చింది. వెన్నులో టైటానియం కడ్డీలతో ఆయన మళ్ళీ నడక నేర్చుకుని, అదే పందెం మళ్ళీ మొదలుపెట్టి 2023 ఏప్రిల్ 29న రెండో స్థానంలో ముగించాడు. ఆ యాత్రలో పాడైన విండ్‌వేన్‌ని, అంటే గాలి సాయంతో పడవని దారిలో ఉంచే పరికరాన్ని, బాగుచేయడానికి టాయిలెట్ తలుపు కోసి వాడుకున్నాడు. మీరు మాత్రం ఈ రోజే ఒక పని చేయండి. మీ పడకలో వెల్లకిలా పడుకుని, నడుము కదపకుండా చేయి చాపండి. బీకన్, చేతి రేడియో, నీళ్ళు, నొప్పి మాత్రలు ఆ చేతికి అందాలి.

మన దంపతుల్లో సాధారణంగా భర్త కెప్టెన్, భార్య వంట, తాళ్ళు. ఈ పద్ధతి మార్చమని బతిమాలుతున్నాను. అడ్డబొంగు తగిలి స్పృహ తప్పేది ఆయనే కావచ్చు. వారానికో పూట ఆయన నోరు మూసుకుని ఓ మూల కూర్చోవాలి. ఆమె ఒక్కరే తెరచాప దించాలి, ఇంజను స్టార్ట్ చేయాలి, పడవ ఉన్న చోటు చదివి రేడియోలో చెప్పడం మైకు నొక్కకుండా సాధన చేయాలి. అలాగే బీపీ చూడటం, కట్టు కట్టడం, మందుల పెట్టెలో కళ్ళు మూసుకుని వెతకడం ఆయనకి రావాలి. "నేనున్నాగా, నీకెందుకు" అన్న మాట ప్రేమతో అన్నదే, కానీ పడవ మీద అది ఆమెకి అన్యాయం.

ఒడ్డు చేరి ఆసుపత్రిలో పడ్డాక కాగితాల యుద్ధం మొదలవుతుంది. ఇన్సూరెన్స్ పాలసీలో మూడింటిని విడివిడిగా చూడండి: చికిత్స ఖర్చు, పెద్ద ఆసుపత్రికి తరలింపు, స్వదేశానికి చేర్చడం. తీరానికి ఇన్ని మైళ్ళు దాటితే వర్తించదన్న షరతు చిన్న అక్షరాల్లో ఉంటుంది. చాగోస్ దీవుల్లో లంగరేయడానికి అనుమతి కావాలంటే వైద్య తరలింపు బీమా చూపించమని బ్రిటిష్ అధికారులు అడుగుతూ వచ్చారు, ఆ ఏకాంత దీవుల్లో అది సబబే. ఫుకెట్, పెనాంగ్ లాంటి చోట్ల మంచి ఆసుపత్రులున్నాయి, లంకావిలో పడవని గట్టెక్కించే యార్డులున్నాయి. హిందూ మహాసముద్రం దాటేవాళ్ళు పెద్ద చికిత్సలూ మరమ్మతులూ అక్కడికి పెట్టుకోవడం తెలివైన పని. భారత రాయబార కార్యాలయం బిల్లు కట్టదు, కానీ ఇంటికి కబురు చేరవేస్తుంది, డాక్టర్ల జాబితా ఇస్తుంది, పోయిన పాస్‌పోర్టుకి దారి చూపిస్తుంది. పడవలో వచ్చిన మనిషి విమానంలో వెళ్ళాలంటే సిబ్బంది జాబితాలోంచి ఇమిగ్రేషన్‌లో పేరు తీయించాలి. వీసా గడువు చూసుకుని, ముగియకముందే ఆసుపత్రి ఉత్తరంతో పొడిగింపు అడగండి.

డాక్టరు ఆరు వారాలన్నప్పుడు మూడు వారాలకే లంగరెత్తాలని మనసు లాగుతుంది, రుతువు దాటిపోతోందని, రేవు అద్దె పెరుగుతోందని. అలాంటప్పుడు పడవని యార్డులో ఎత్తించి ఇంటికి వెళ్ళిపోండి. అడుగు వాల్వులు మూసి, బ్యాటరీలు విడదీసి, తినే వస్తువులన్నీ తీసేసి, తెరచాపలు విప్పి లోపల పెట్టండి. తుపాను కాలంలో ఆ యార్డులో ఉంచితే మీ బీమా చెల్లుతుందో లేదో కంపెనీ దగ్గర రాతపూర్వకంగా తీసుకోండి. తాళం ఎవరికి ఇచ్చారో, అద్దె ఎప్పటిదాకా కట్టారో యార్డువాళ్ళ సంతకంతో ఉండాలి. డిశ్చార్జి కాగితాలు, ఎక్స్‌రే కాపీలు పడవలో వదిలేయకుండా చేతిసంచిలో పెట్టుకోండి, ఇంటి దగ్గర డాక్టరు మొదట అడిగేవి అవే.